సాల్మన్ వేసిన తోలు బుష్షులు

హిందూపురం మెకానిక్ సాల్మన్ ఒక్క స్పానరు కూడా ముట్టకుండా, వంటింటి పట్టకారుతో, పాత అంబాసిడర్ కారు గేర్‌బాక్సు మొత్తం విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. అదీ పొయ్యి మీద చారు ఒక పొంగు వచ్చేలోపల.

సరే, గేర్‌బాక్సు మొత్తం అనడం కొంచెం ఎక్కువే. గేర్‌బాక్సు కాదు, దాన్ని కదిలించే కడ్డీలు. కడగలేదు కూడా, పాత పంచె ముక్కతో తుడిచాడు. చారు ఒక పొంగు కాదు, చాలా పొంగులు వచ్చి సగానికి సగం ఇంకిపోయింది. కానీ స్పానరు ముట్టలేదన్నది నిజం, పట్టకారు నిజం, కారు నిజం. ఆ కారు నడిపిన పెనుకొండ ఈరన్న అంతకన్నా నిజం. నమ్మనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, మిగతా కథలో నమ్మడానికి ఇంకా కష్టమైనవి ఉన్నాయి.

ఇది తొంభై ఆరో సంవత్సరం ఆయుధపూజ నాటి మాట.

పెనుకొండలో నాగరాజు అనే రైతు ఇంట్లో ఒక నల్ల అంబాసిడర్ ఉండేది. ఆయన తండ్రి అరవై రెండులో కొన్న బండి. ఇప్పటి కార్లలో గేరు కర్ర కాళ్ల దగ్గర నేలలోంచి లేస్తుంది. ఆ బండికి మాత్రం స్టీరింగు చక్రం కిందనే, ఎడమ పక్కన, ఏనుగు దంతంలా ఒక లివరు పొడుచుకు వచ్చి ఉండేది. లివరు కదిపితే స్టీరింగు గొట్టం వెంబడి కిందికి దిగిన కడ్డీలు కదిలేవి, అవి పోయి గేర్‌బాక్సును కదిపేవి. కడ్డీకీ కడ్డీకీ అతుకు పడేచోట చిన్న ఉంగరాల్లాంటివి ఉంటాయి. వాటినే బుష్షులంటారు. బొటనవేలి గోరంత వస్తువు. అది బిగువుగా ఉన్నంతకాలం దాని పేరు కూడా ఎవరికీ తెలియదు.

ఆ బండికి డ్రైవరు ఈరన్న. యాభై ఏళ్ల మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే బండి, అదే సీటు, ఏడాదికి రెండు ఖాకీ చొక్కాలు. అంతకుముందు ఆ ఇంటి తోటలోనే ఎద్దులు తోలేవాడు. డ్రైవరు అయిన రోజు నుంచి ఊళ్లో ఎవరూ ఆయన్ని ఉత్త ఈరన్న అని పిలవలేదు. పెండ్లి పత్రికల మీద కూడా 'డ్రైవర్ ఈరన్న గారికి' అనే రాసేవాళ్లు. ఆయన ఆ పత్రికలన్నీ దాచుకున్నాడు. పెండ్లిళ్లకు పోయినా పోకపోయినా.

ఆయుధపూజ నాడు పొద్దున్నే బండిని కడిగి, బానెట్టుకు చామంతి దండ కట్టి, అద్దానికి పసుపు బొట్లు పెట్టి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు ఉంచారు. గుమ్మడికాయ కొట్టాక డ్రైవరు బండిని ముందుకు పోనిచ్చి ఆ నిమ్మకాయల్ని తొక్కించాలి. అప్పుడే పూజ అయినట్టు. నాగరాజు తల్లి నరసమ్మ హారతి పళ్లెం పట్టుకుని పక్కకు జరిగింది. వీధిలో సగంమంది చూస్తున్నారు.

"మెల్లగ పోనీ ఈరన్నా. నాలుగూ నలగల్ల," అంది నరసమ్మ.

ఈరన్న లివరును మొదటి గేరుకు లాగాడు. లివరు ఎప్పటిలాగే వదులు వదులుగా ఊగి, ఎక్కడో తగిలినట్టయింది. క్లచ్చి వదిలాడు. బండి ఒక్క గెంతు గెంతింది, వెనక్కి.

వెనక బొరుగుల గంపతో నిలబడిన మునియమ్మ గంప వదిలేసి గోడెక్కినంత పని చేసింది. "వాయబ్బో! పూజ బండికా, నాకా?" అని అరిచింది. బొరుగులు వీధంతా పరుచుకున్నాయి. నిమ్మకాయలు నాలుగూ చెక్కుచెదరకుండా, పసుపుగా, ఆయన వంక చూస్తూ కూర్చున్నాయి.

"ఏమప్పా ఈరన్నా, నీ బండికి నిమ్మకాయలంటే బయమా?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

ఈరన్న మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ వెనక్కే. మూడోసారి వీధిలో నవ్వు ఆగిపోయింది. పూజ చేసిన బండి మూడుసార్లు వెనక్కి పోతే ఇక నవ్వే సంగతి కాదు. నరసమ్మ హారతి పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నాగరాజు గట్టిగా తిట్టే మనిషి కాదు. తిట్టినా బాగుండేది. "ఈరన్నా, రేపు జమ్మి పూజకు అమ్మ ఈ బండ్లోనే పోవల్ల. నిమ్మకాయలు తొక్కి ముందుకు పోయిందా, సరి. లేదంటే ధర్మవరం పాత సామాన్ల ఆంజనప్పకు కబురు పెడతా, వచ్చి తీస్కపోతాడు. బండే లేనంక డ్రైవరుతో ఏం పని? తోటలో మడవలు కట్టేకి మనిషి లేడు, నువ్వు చూసుకుందువు," అన్నాడు.

ఈరన్నకు పనంటే భయం లేదు. పారతో కాలవ మడవలు కట్టడం చిన్నప్పటి నుంచి ఎరిగిందే. కానీ రేపు పెండ్లి పత్రికల మీద ఏమని రాస్తారు?

బానెట్టు ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, కడ్డీని చేత్తోనే తోసి ఎలాగో మూడో గేరులో పడేశాడు. వాలు చూసుకుని బండి తోయించాడు. ఇంజను అందుకోగానే హిందూపురం దారి పట్టాడు. ఆయన ధైర్యమల్లా ఒక్కటే. ఆయుధపూజ నాడు జిల్లాలో ఏ మెకానిక్కూ స్పానరు పట్టడు, సామాన్లన్నీ పూజలో ఉంటాయి. కానీ హిందూపురం సాల్మన్ క్రైస్తవుడు. ఆయనకేం ఆయుధపూజ?

సాల్మన్ సొంత ఊరు ధర్మవరం. తండ్రి జాన్ అక్కడి రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఆవిరి ఇంజన్ల కాలంలో జాన్ పొడుగు సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ పోయేవాడు. బాగున్న చక్రం గంటలా పలుకుతుంది, పగిలింది చిల్లికుండలా పలుకుతుంది. సాల్మన్ నేర్చుకున్న మొదటి చదువు అదే, చెవి చదువు. ఆవిరి ఇంజన్లు పోయే రోజులొచ్చాక హిందూపురం వచ్చి చిన్నప్ప అనే పెద్ద మెకానిక్ దగ్గర చేరాడు. పదిహేనేళ్లు చేశాడు. చిన్నప్ప పోయాక షెడ్డు సాల్మన్‌దే అయింది.

నలభై దాటిన బక్కపలచని మనిషి, పురికొస కట్టిన కళ్లద్దాలు. కొత్త సామాను తెమ్మని ఎవరికీ వెంటనే చెప్పడు. ముందు పాతదాన్ని విప్పి, వెలుగుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఎటు అరిగింది, ఎంత అరిగింది, ఎందుకు అరిగింది. అరిగిన వస్తువు చూసి బండి నడిపేవాడి గుణం చెప్పగలడని పేరు. ఒకసారి మడకశిర నుంచి వచ్చిన జీపు క్లచ్చిపలక చూసి, "నీ పెండ్లాముతో కొట్లాడి ఎన్నాళ్లయింది?" అని డ్రైవర్ని అడిగాడట. డ్రైవరు నోరు తెరిచాడట. అదంతా కల్పన అనేవాళ్లు ఉన్నారు. కొట్లాట నిజమే, అది పెండ్లాముతో కాదు, అత్తతో.

నంబులపూలకుంట, నల్లచెరువు నుంచి కూడా బండ్లు ఆయన కోసం వచ్చేవి. వచ్చినవాళ్లకు ముందు నీళ్లు ఇచ్చి, తర్వాత బండి సంగతి అడిగేవాడు.

ఈరన్న షెడ్డు ముందు బండి ఆపేసరికి ఇంజను ఆగిపోయింది. సాల్మన్ అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"కూర్చోన్నా, నీళ్లు తాగు."

"నీళ్లు మళ్ల తాగుతా సాల్మనప్పా. బండి ఎనక్కి పోతాది, ముందుకు పోల్యా. రేపటికి ముందుకు పోవల్ల."

"ఎల్లుండి రా."

"ఎల్లుండికి నేను మడవల కాడ ఉంటా," అంటూ ఈరన్న షెడ్డులోకి తొంగి చూశాడు. చూసి అలాగే నిలబడిపోయాడు.

లోపల బల్ల మీద స్పానర్లు చిన్నా పెద్దా వరసగా పేర్చి ఉన్నాయి. సుత్తులు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, జాకీ. ప్రతిదానికీ పసుపు, పసుపు మీద కుంకుమ. ముందర బొరుగులు, బెల్లం, ఒక అరటిపండు.

"ఇదేందప్పా! నువ్వు ప్రభువు మనిషివి గదా? ఆదివారం బైబిలు సంకలో పెట్టుకొని పోతాండేది నేను సూడల్యా?"

"పోతా. వచ్చే ఆదివారం గూడ పోతా."

"మరి ఈ కుంకం ఎవురు పెట్టిరి?"

"చిన్నప్ప పెండ్లాము, నీలావతమ్మ. ఏటేటా వచ్చి పెడతాది. ఈ సామాన్లు చిన్నప్పవి అన్నా. పోయేముందర నా చేతికిచ్చి, ఏడాదికి ఈ ఒక్క పొద్దు వీటిని ముట్టొద్దు అన్నాడు. సరే అంటి."

"చిన్నప్ప ఇప్పుడు వచ్చి చూస్తాడా?"

"చిన్నప్ప రాడు. నీలావతమ్మ వస్తాది, మాపుసారి. కుంకం రవ్వంత చెదిరినా కనిపెడతాది. ఆమెకు కండ్లు కావు, భూతద్దాలు."

ఈరన్న అరుగు కింద గొంతుక్కూర్చుని ఖాకీ చొక్కా పై గుండీ విప్పాడు, మళ్లీ పెట్టుకున్నాడు. సాల్మన్ కాసేపు చెనక్కాయలు ఒలిచాడు.

"మూడో గేర్లోనే వచ్చినావా పెనుకొండ నుంచి?"

"ఊ."

"యాడా నిలపకుండా?"

"నిలిపితే మళ్ల లేస్తాదా?"

"సోమందేపల్లి కాడ పోలీసు ఉంటాడే."

"ఉండె. చెయ్యెత్తె. నేనూ ఎత్తితి."

సాల్మన్ నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. ఆ నవ్వు విని షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోంచి భార్య నిర్మల బయటికి వచ్చింది. ఈరన్న ముఖం చూసింది. లోపలికి వెళ్లి, పట్టకారు, అట్లకాడ, కత్తిపీట తెచ్చి దబ్బుమని అరుగు మీద పెట్టింది.

"నీ స్పానర్లకు గదా పూజ. నా వంటింటికి ఎవురూ కుంకం పెట్టలేదే," అంది. "సాలకపోతే రోలు గూడ ఉండాది, ఎత్తుకో."

సాల్మన్ పట్టకారు వంక చూశాడు, బల్ల మీద పూజ వంక చూశాడు. చేతిలో ఉన్న చెనక్కాయలు అయిపోయేదాకా ఆలోచించాడు. చిన్నప్ప అడిగింది సామాన్ల సంగతి. చేతుల సంగతి ఆయన అడగలేదు, తాను చెప్పలేదు.

"బానెట్టు ఎత్తన్నా," అన్నాడు.

ముందు ఈరన్నను సీట్లో కూర్చోబెట్టి గేర్లు మార్చమన్నాడు. తాను బానెట్టు కింద తల పెట్టి కళ్లు మూసుకున్నాడు. లివరు పైన జానెడు ఊగితే కింద కడ్డీ బెత్తెడు కూడా కదలడం లేదు. మధ్యలో 'టిక్కు' మని ఒక చప్పుడు. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి 'టిక్కు'.

"రెండు చోట్ల పోయింది," అన్నాడు కళ్లు తెరిచి.

కడ్డీల చివర బుష్షులు జారకుండా చీలిక సూదులు గుచ్చి ఉంటాయి. స్ప్లిట్ పిన్నులంటారు. వాటిని ప్లేయరుతో క్షణంలో లాగేయొచ్చు. పట్టకారు చారు గిన్నె దించడానికి పుట్టింది, దానికి ఈ పని తెలియదు. మూడుసార్లు జారింది. నాలుగోసారి సాల్మన్ రెండు చేతులతో బిగించి లాగితే పిన్ను ఊడింది, పట్టకారు వంకర పోయింది. నిర్మల గడపలోంచి చూసి, "ఇంగ గిన్నెలు నువ్వే దించు," అంది.

రెండో పిన్ను కూడా ఊడింది. రెండు బుష్షులూ అరచేతిలో పడ్డాయి. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయి ఉన్నాయి. సాల్మన్ వాటిని ఎండకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. రెండూ ఒకే వైపు అరిగాయి.

"అన్నా, బండి మాములుగ పోతాంటే, గేరు మార్చే పని లేనప్పుడు, నీ ఎడమ చెయ్యి యాడ పెడతావు?"

ఈరన్న ఆలోచించకుండానే చూపించాడు. చెయ్యి దానంతటదే పోయి లివరు మీద వాలింది. నాలుగు వేళ్లు లివరు మీద, చిటికెన వేలు గాలిలో. బళ్లారి లారీ డ్రైవర్లను చూసి నేర్చుకున్న దర్జా అది. ఆ చిటికెన వేలి కోసమే పిల్లలు రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్లు.

సాల్మన్ ఆ చేతి వంక చూసి, అరచేతిలోని బుష్షుల వంక చూశాడు. అది చూసి ఈరన్న చెయ్యి మెల్లగా లివరు మీద నుంచి దిగింది.

"నేనేనా?"

"నువ్వే అన్నా. ఒక్కపొద్దున కాదు. దినామూ రవ్వంత. ఆ చెయ్యి బరువు కడ్డీ మీద పడతాది, కడ్డీ బుష్షును ఒకే దిక్కుకు అదుముతాది. ఇరవై రెండేండ్లు అదిమితే ఇట్లయింది."

ఈరన్న ఆ చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. ఇందాక బండి చెడిపోయిందని భయం. ఇప్పుడు బండిని చెడగొట్టింది తానేనని భయం. పొద్దున వీధిలో నవ్విన వాళ్లందరూ మళ్లీ గుర్తొచ్చారు. "నాగరాజప్పకు తెలిస్తే తోటలో గూడ పెట్టుకోడు," అన్నాడు మెల్లగా.

సాల్మన్ విననట్టే ఉన్నాడు. "నిర్మలా, ఆముదం సీసా ఇట్ల ఇయ్యి," అన్నాడు.

కొత్త బుష్షులు కొనడానికి అంగళ్లు తెరిచి లేవు. ఇత్తడిని తరిణె పట్టి కొత్తవి చేసుకోవడానికి లేతు మిషను లేదు, అది కూడా ఎక్కడో పూజలోనే ఉంది. సాల్మన్ షెడ్డు దూలానికి వేలాడుతున్న నల్లటి తోలు ముక్క దించాడు. ఈరన్న దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. వాసనతోనే గుర్తుపట్టాడు.

"కపిలి తొండం!"

కరెంటు మోటార్లు రాకముందు బావుల్లోంచి ఎద్దులతో నీళ్లు లాగిన తోలు సంచి అది. ఈరన్న వయసులో ఉన్నప్పుడు తోలింది అలాంటి కపిలే. ఏళ్ల తరబడి నీళ్లు, ఆముదం తాగీ తాగీ ఆ తోలు రాయిలా బిగుసుకుపోతుంది. అయినా లోపల కొంచెం మెత్తదనం ఉంటుంది.

"జత ఎద్దులు గుంజినా తెగలేదు. నీ చిటికెన వేలికి తెగుతాదా?" అన్నాడు సాల్మన్.

తోలుకు ఆముదం రాసి, కత్తిపీట మీద రెండు బిళ్లలు కోశాడు, వంకాయ కోసినట్టు తిప్పుతూ. అట్లకాడ కొసను స్టవ్వు మీద ఎర్రగా కాల్చి ఒక బిళ్లకు నడిమధ్యన గుచ్చాడు. చుయ్యిమని పొగ లేచింది. ఇల్లంతా కాలిన తోలు కంపు. చారు గిన్నె పక్కకు పోయింది. "ప్రభువా, ఈ మనిషికి బుద్ధి ఇయ్యి," అంది నిర్మల పైకి చూసి. స్టవ్వు మాత్రం ఆపలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కడ్డీ పొడవు ఒక నువ్వుగింజంత తేడా వచ్చింది. మామూలుగా అయితే కడ్డీ మీద నట్టు వదులు చేసి, తిప్పి, పొడవు సరిచేస్తారు. ఆ నట్టు పట్టకారుకు లొంగదు, వేళ్లకు లొంగదు. సాల్మన్ పళ్లతో తిప్పాడని హిందూపురంలో కొందరు చెబుతారు. అది అబద్ధం. ఆయన నట్టు జోలికే పోలేదు. రెండో తోలు బిళ్లకు రంధ్రం నడిమధ్యన కాకుండా, నువ్వుగింజంత పక్కకు కాల్చాడు. బిళ్లను తిప్పుతూ పోతే రంధ్రం ముందుకో వెనక్కో జరుగుతుంది. సరిగ్గా అతికేచోట ఆపాడు. కడ్డీ పొడవు మారలేదు, కానీ మారినట్టే అయింది. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు కాగితం మీద గీసుకుని చేసే పని, ఆయన అట్లకాడతో చేశాడు. చేసి, చెవి పెట్టి, వేలితో కడ్డీని తట్టి విన్నాడు.

పాత స్ప్లిట్ పిన్నులు విరిగిపోయాయి. సాల్మన్ తలెత్తి నిర్మల కొప్పు వంక చూశాడు. "వద్దు," అందామె. అని, తనే కొప్పులోంచి రెండు పిన్నులు తీసి ఇచ్చింది.

"ఇప్పుడు పెట్టు."

ఈరన్న లివరు పట్టుకున్నాడు. మొదటి గేరు. ఊగలేదు, వెతకలేదు, వెన్నలో కత్తిలా పోయి కూర్చుంది. క్లచ్చి వదిలాడు. బండి ఆరడుగులు ముందుకు నడిచింది. రివర్సు వేశాడు, ఆరడుగులు వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకు. అలా ఎనిమిదిసార్లు నడిపాడు. ఆపమని సాల్మన్ చెప్పాల్సి వచ్చింది.

"ఇవి ఈ రెండు పొద్దులకే అన్నా. పండగ పోయినంక రా, ఇత్తడి బుష్షులు ఏస్తా. ఆ చెయ్యి మాత్రం చక్రం మీద పెట్టుకో."

మాపుసారి, దీపాలు పెట్టే వేళకు నీలావతమ్మ వచ్చింది. బల్ల దగ్గర వంగి ఒక్కో స్పానరునూ చూసింది. ఒక్క కుంకుమ బొట్టు చెదరలేదు. తర్వాత సాల్మన్ చేతులు చూసింది. మోచేతుల దాకా నలుపు.

"చేతులేందప్పా ఇట్ల ఉండాయి?"

"వంట చేస్తి అత్తా," అన్నాడు సాల్మన్.

మరునాడు పెనుకొండలో కొత్తగా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. వీధిలో ఈసారి సగంమంది కాదు, అందరూ వచ్చారు. మునియమ్మ ముందు జాగ్రత్తగా ఎదురింటి అరుగెక్కి నిలబడింది. బండి ముందుకు కదిలింది. నాలుగూ నలిగాయి. నరసమ్మ ఎక్కి కూర్చుని, "పోనీ ఈరన్నా," అంది. నాగరాజు ఏం పోయిందని అడిగాడు. "బుష్షులప్పా," అన్నాడు ఈరన్న. అంతకుమించి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

చెయ్యి మాట వినడానికి ఆర్నెల్లు పట్టింది. కాస్త మైమరిస్తే చాలు, పోయి లివరు మీద వాలేది. ఈరన్న దాన్ని వక్కాకు సంచి పట్టుకోమన్నాడు, తొడ కింద పెట్టుకున్నాడు, ఒంటరిగా పోతున్నప్పుడు గట్టిగా తిట్టాడు కూడా. చివరికి అది చక్రం మీద కుదురుకుంది. ఇత్తడి బుష్షుల కోసం రెండుసార్లు హిందూపురం వెళ్లాడు. రెండుసార్లూ సాల్మన్ లివరును రెండు వేళ్లతో కదిపి, "ఇంగా ఉండనీ," అని పంపించేశాడు. రెండు పొద్దులకని వేసిన తోలు బుష్షులు ఏడేళ్లు నడిచాయి. ధర్మవరం, కదిరి, కొత్తచెరువు, నరసమ్మ ఎక్కడికంటే అక్కడికి.

ఆ ఏడేళ్లలో కథ కూడా బండి కన్నా ఎక్కువే తిరిగింది. ఎవరు మొదలుపెట్టారో చెప్పలేం. నిర్మల ప్రార్థన తర్వాత చర్చి ఆవరణలో పట్టకారు పోయిన బాధ చెప్పుకుందనీ, అక్కడి నుంచే పాకిందనీ అంటారు.

రెండువేల మూడులో నాగరాజు కూతురు హరిత పెండ్లి కుదిరింది. పట్టుచీరలకు అందరూ ధర్మవరం వెళ్లారు. అప్పటికే నాగరాజు కొత్త బండి కూడా కొని, తాళం జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. అది ఎవరి చేతిలో పెట్టాలన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. చీరల అంగట్లో యజమాని చీర మడత విప్పుతూ, "మీ డ్రైవరు చెయ్యి బరువుకు గేరే అరిగిపోయిందంట గదప్పా? హిందూపురం మెకానిక్కు తోలుతో అతుకేసి పంపినాడంట?" అని నవ్వాడు.

నాగరాజు నవ్వలేదు. గడప దగ్గర చీరల మూటలు పట్టుకుని నిలబడిన ఈరన్నను చూశాడు. ఈరన్న మూటల వెనక ముఖం దాచుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో పెనుకొండ వచ్చింది. ఆడవాళ్లను దించాక నాగరాజు దిగలేదు.

"హిందూపురానికి పోనీ."

"ఇప్పుడాప్పా?"

"ఇప్పుడే. నా బండి ఎవురి చేతిలో పాడయిందో నాకు తెలియల్ల. అది తెలిసినంకనే కొత్త బండి తాళం."

తన తీర్పు తనే నడుపుకుంటూ పోవడం ఎవరికీ రాకూడని పని. ఈరన్న రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. సోమందేపల్లి దాటింది. నిజమని సాల్మన్ ఒక్క మాట అంటే చాలు, ఇరవై తొమ్మిదేళ్లు పోతాయి. ఆ మనిషి ప్రార్థనకు పోయే మనిషి. అబద్ధం చెప్పగా ఎవరూ వినలేదు, నీలావతమ్మతో వంట చేశానన్నది తప్ప.

సాల్మన్ ఒక కారు కింద పడుకుని ఉన్నాడు. పిలిస్తే బయటికి వచ్చాడు. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. నల్ల అంబాసిడర్‌ను చూశాడు, నాగరాజును చూశాడు. ఈరన్న వైపు చూడలేదు.

"కూర్చోండప్పా, నీళ్లు తాగండి."

"నీళ్లొద్దు. ఒక్క మాట అడిగేకి వస్తి. తొంభై ఆర్లో, ఆయుధపూజ నాడు, ఈ బండి నీ దగ్గరికొచ్చెనా?"

"ఆయుధపూజ నాడా? ఆ పొద్దు ఈడ స్పానరే లేవదు. కావల్నంటే నీలావతమ్మను అడగండి."

"పట్టకారుతో చేసినావంట."

"పట్టకారుతో బండ్లు చేస్తే ఇంతమంది మెకానిక్కులు ఎందుకప్పా?"

"తోలు బుష్షులంట."

"తోలుతో చెప్పులు కుడతారు."

నాగరాజు ముందుకొచ్చి బానెట్టు మీద చెయ్యేశాడు. "అయితే బానెట్టు ఎత్తు. లోపల ఏముండాదో నేనే చూస్తా."

సాల్మన్ కళ్లద్దాలు తీసి, తీరిగ్గా తుడిచి, పెట్టుకుని, వెనక సీట్లో మిగిలిన పట్టుచీరల మూట వంక చూశాడు. "ఎత్తుతా. పాత బండి, ఒకసారి చెయ్యి పెడితే అన్నీ విప్పి చూడల్సిందే. మూడు వారాలు ఈడే ఉంటాది. ఇంట్లో పెండ్లి ఎప్పుడు?"

పెండ్లి రెండు వారాల్లో ఉంది. నాగరాజు బానెట్టు వంక చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మరి మా ఈరన్న చెయ్యి లివరు మీద పెట్టి పెట్టి అరగదీసినాడని నువ్వే అన్నావంట గదా? ఊరంతా అంటాండారు."

అప్పుడు సాల్మన్ మొదటిసారి ఈరన్న వైపు తిరిగాడు. ముక్కూ మొహం ఎరగని మనిషిని చూసినట్టు పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఈయన పేరు ఈరన్ననా?"

నాగరాజు కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏడేళ్లుగా ఒక్కసారి కూడా మొరాయించని బండిని చూశాడు. జేబులోంచి కొత్త బండి తాళం తీసి ఈరన్న చేతిలో పెట్టాడు. "పెండ్లికొడుకును నువ్వే తీస్కరావల్ల," అన్నాడు. పోయి వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఇంకా నమ్మకం కుదరక అడిగాడు.

"అయితే అదంతా వట్టి కతేనా సాల్మనూ?"

"ఒక్క ముక్క గూడ జరగలేదప్పా," అన్నాడు సాల్మన్. "ఈ బండిని నేను చూసేది ఇదే మొదులు."